బుగ్గలు పెట్టిన ముఖాలు

నంద్యాలలో మా పాఠశాల డ్రాయింగు మాస్టరును ఊరంతా పీనుగుల అయివారు అని పిలిచేది. విద్యార్థులు వెనుక అనేవారు. ఉపాధ్యాయులు ఎదుటే అనేవారు. అనంతపురంలో బి.ఏ. పూర్తిచేసి 1953లో నేను ఆ పాఠశాలలో చేరిన రోజున, సిబ్బంది గదిలో ఆయనను నాకు చూపించి సైన్సు మాస్టరు ఇలా అన్నారు:

"ఈయప్పతో స్నేహం పెట్టుకోవద్దు సామీ. ఈయన మనింటికి వచ్చినాడంటే మనం లేనట్లే."

గదిలో అందరూ నవ్వారు. డ్రాయింగు మాస్టరు నవ్వలేదు. పెన్సిలు చెక్కడం ఆపి కాసేపు నా ముఖం చూసి, "మీకు కుడి కనుబొమ్మ కొంచెం దిగి ఉండాది. మీ నాయనకు గూడా అంతేనా?" అని అడిగారు. అంతేనని చెప్పాను. మా వంశంలో పట్టా అందుకున్న మొదటివాణ్ని నేను. నా పట్టా గురించి అడిగినవారు చాలామంది ఉన్నారు గాని, ఆ గదిలో మా నాయన గురించి అడిగినవారు ఆయన ఒక్కరే.

ఆ పేరు ఆయనకు ఊరికే రాలేదు. ఆ కాలంలో నంద్యాల చుట్టుపక్కల పల్లెల్లో ఎంత భూమి ఉన్న కుటుంబంలోనైనా పెద్దవాళ్లు ఫోటో తీయించుకునేవారు కారు. తీయించుకుంటే ఆయుస్సు తగ్గుతుందని భయం. మనిషి పోయాక మాత్రం గోడ మీద పటం లేకపోతే ఇంటికి పరువు తక్కువ. అందుచేత ఊపిరి ఆగగానే చుట్టాలకు కబురు వెళ్లేది. దాని వెంటే డ్రాయింగు మాస్టరు కోసం ఎద్దులబండి వచ్చేది. శవాన్ని ఎత్తేలోపల ఆయన ముఖం గీసుకోవాలి. పెద్దకర్మ నాటికి రంగుల పటం చేసి ఇవ్వాలి.

ఆయన పనికి ఒక పద్ధతి ఉండేది. మొదట గట్టి పెన్సిలుతో ముఖాన్ని ఉన్నది ఉన్నట్లు గీసేవారు. దవడకు కట్టిన గుడ్డ, ముక్కులో దూది, లోపలికి పోయిన బుగ్గలు, ఏదీ వదిలేవారు కారు. ఆ తరువాత ఇంటివాళ్లను ఒకే ప్రశ్న అడిగేవారు: నవ్వితే పెదవి ఏ వైపు లేచేది? జవాబును కాగితం అంచున రాసుకునేవారు. ఇంటికి ఇచ్చే పటంలో కళ్లు తెరిచేవారు, బుగ్గలు నింపేవారు, వాళ్లు కోరిన నగలన్నీ పెట్టేవారు. ఆ పటాల మీద ఆయనకు గౌరవం లేదు. "అది వాళ్లకు. ఇది నాకు," అంటూ మొదటి కాగితాన్ని వేపాకుల మధ్య ట్రంకు పెట్టెలో దాచుకునేవారు. పని ముగించి ఆయన లేవగానే ఆ ఇంటి ఆడవాళ్లు ఆయన కూర్చున్న చోట పేడనీళ్లు చల్లేవారు. మంచినీళ్లు అడిగితే బావి చూపించేవారు.

ఆయన మెత్తని మనిషి కాదు. ముక్కు సరిగా వేయని విద్యార్థి వేళ్ల మీద స్కేలు అంచుతో కొట్టేవారు. నా విషయంలోనూ మినహాయింపు లేదు. మా అమ్మ నా చిన్నతనంలోనే పోయింది. మా ఊరు గోస్పాడు దారిలో ఒక చిన్న పల్లె. మా ఇంటికి పటాలు గీసేవారు రావడమనేది మేము ఊహించని సంగతి. ఒకనాడు ధైర్యం చేసి, నేను చెబుతాను, మా అమ్మ బొమ్మ గీసి ఇవ్వండి అని ఆయనను వేడుకున్నాను.

"ముక్కు ఎట్లుండేది?" అన్నారు.

"సూటిగా ఉండేదండీ."

"అందరి ముక్కు సూటిగానే ఉంటాది. చెవి తమ్మె అతుక్కోనుండేదా, యేలాడేదా?"

నా చేయి నా చెవి మీదికే వెళ్లింది.

"మీయమ్మ మొగం మీకే గుర్తులేదు. నన్నేం గీయమంటారు? యాడనో ఎవురో ఒగామెను గీసిస్తే దండం పెట్టుకుంటారా? నేను చూడంది గీయను, పోండి."

అప్పుడు ఆయన మీద నాకు కలిగిన ద్వేషం చాలాకాలం నిలిచింది. ఆ మాటలోని నిజం కూడా నాతో అంతకాలమూ ఉండిపోయింది.

నేను చేరిన రెండో ఏట మా పాఠశాల కమిటీ అధ్యక్షుడి తల్లి పోయింది. ఆయన పత్తి మిల్లున్న సావుకారు. ఉపాధ్యాయులందరమూ పరామర్శకు వెళ్లాము. ముసలామెను ముందు వసారాలో నాపరాళ్ల మీద చాప వేసి పడుకోబెట్టారు. కాలూ చెయ్యీ పడిపోయినప్పటి నుంచి ఆమెను పెరట్లో, గానుగపిండి బస్తాల గదిలో ఉంచారని వీధిలో అందరికీ తెలుసు.  డ్రాయింగు మాస్టరు మోకాళ్ల మీద పలక పెట్టుకుని గీశారు. బుగ్గల స్థానంలో రెండు గుంతలు, తెరుచుకున్న నోరు, కమ్మలు లేని చెవులు కాగితం మీదికి వచ్చాయి. పని అయ్యాక ఎప్పటి ప్రశ్నే అడిగారు.

"అమ్మ నవ్వితే పెదవి ఏ పక్క లేచేదమ్మా?"

ఇద్దరు కోడళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చిన్నకోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఆమె నవ్వితే గదా సామీ చెప్పేకి," అంది. వెనుక ఎవరో కిసుక్కుమన్నారు.

సావుకారు గొంతు పెంచలేదు. "నవ్వుతో నీకేం పని? ఏడువారాల నగలు పెట్టు. బుగ్గలు బాగా పెట్టు. మాయమ్మ కలిగినింటి మనిషి," అన్నాడు.

పటం అలాగే వచ్చింది. మిల్లు ఆఫీసులో, గల్లాపెట్టె పైన, నిండు బుగ్గల మహాలక్ష్మి లాంటి ఒక స్త్రీ చాలా ఏళ్లు వేలాడింది. ఆమె ఎవరో నాకు తెలియదు.

1958లో డ్రాయింగు మాస్టరు ఉద్యోగ విరమణ చేశారు. అద్దె గది ఖాళీ చేసి స్వస్థలం ఆళ్లగడ్డకు వెళ్లాలి. అక్కడ ఆయనకున్నది దేవతా విగ్రహాలు చెక్కే మేనల్లుడు ఒక్కడే. ఆ మేనల్లుడు బండి తీసుకుని వచ్చి ట్రంకు పెట్టె దగ్గరే ఆగిపోయాడు.

"మామా, నువ్వు రా. నీ గుడ్డలు, చాప, బిందె అన్నీ తెచ్చుకో. ఈ పెట్టె మాత్రం వద్దు. ఇంట్లో పిల్ల కడుపుతో ఉండాది. చచ్చినోళ్ల మొగాలు యాడ పెట్టేది?"

"అవి మొగాలు గాదురా. నా పని."

"ఏదైతేనేం. గడప దాటనీయను."

అందుకని ఆయన పెట్టెను పాఠశాలకు ఇస్తానన్నారు. గ్రంథాలయంలో ఒక బీరువా కావాలి, కాగితాలు చెదలు పట్టకుండా ఉండాలి, ముఖం గీయడం నేర్చుకునే పిల్లలకు చూపించాలి. ఆయన కోరినది అంతే. ముప్పై ఏళ్లుగా తాను చేసిన పనిలో తనది అనిపించుకోదగినది ఆ పెట్టె ఒక్కటేనని నాతో అన్నారు. "బతికినోడు మొగాన్ని దాస్తాడు. చచ్చినోడు దాయలేడు. నేర్చుకోవాలంటే అవే నేర్పుతాయి," అన్నారు.

ప్రధానోపాధ్యాయులు సంతోషంగా ఒప్పుకున్నారు. ఇన్‌స్పెక్టరు రాబోతున్నారు, పాఠశాలలో చిత్రకళా భాండాగారం ఉందంటే మంచి పేరు. పొరపాటు అక్కడే జరిగింది. ఇళ్లలో వేలాడే పటాలు అందరికీ తెలుసు. పెట్టెలోనివి కూడా అలాంటివేనని ప్రధానోపాధ్యాయులు అనుకున్నారు. "ఇవి ఇంట్లో ఉండేటట్ల ఉండవు సార్," అని డ్రాయింగు మాస్టరు చెప్పారు. "మీ వినయం మాకు తెలియదా," అని ప్రధానోపాధ్యాయులు ఆయన భుజం తట్టారు. ఒక్క కాగితమైనా తీసి చూడకుండా, ప్రారంభోత్సవానికి ఆ కుటుంబాలన్నింటినీ పిలిపించారు. మీ పెద్దల బొమ్మలు మా పాఠశాలలో శాశ్వతంగా ఉండబోతున్నాయని కబురు వెళ్లింది.

వాళ్లు కొత్త బట్టలు కట్టుకుని వచ్చారు. ఉయ్యాలవాడ వైపు నుంచి భూస్వాములు బండ్ల మీద వచ్చారు. బజారు వీధి వ్యాపారులు కుటుంబాలతో నడిచి వచ్చారు. పూలదండలు, టెంకాయలు, కర్పూరం తెచ్చారు. హాలులో తాళ్లు కట్టి, ఆ ఉదయమే డ్రాయింగు మాస్టరు స్వయంగా కాగితాలన్నీ వరుసగా తగిలించారు. ఆయన ఉతికిన చొక్కా వేసుకోవడం నేను అదే మొదటిసారి చూశాను.

సావుకారు రిబ్బను కత్తిరించాడు. జనం లోపలికి వచ్చి ఆగిపోయారు.

దండలు పట్టుకున్న చేతులు అలాగే ఉండిపోయాయి. ఒక చిన్నపిల్ల నాయనమ్మ బొమ్మను చూపించి, "జేజికి మూతికి గుడ్డ యెందుకు కట్టినారమ్మా?" అని అడిగి దెబ్బ తిన్నది. ఎవరూ ముందు తమ వాళ్లను చూడలేదు. పక్కవాళ్ల వాళ్లను చూశారు.

"ఏందప్పా, మీ నాయనకు కడుపుకు పెట్టలేదా ఏంది? దవడలు అట్ల పీక్కపోయినాయి," అన్నాడు ఒక వ్యాపారి.

"మీయవ్వ మెడ చూసుకోపో ముందు. తాడు గూడా మిగల్చలేదు గదా మీరు," అన్నాడు ఒక రైతు.

సైన్సు మాస్టరు నా చెవిలో, "దినాల భోజనం గూడా ఈడనే పెట్టిస్తే పోయేది," అన్నారు. అప్పటికి చాలామంది సావుకారు తల్లి కాగితం ముందు గుమిగూడారు.  గానుగపిండి గది కథ ఆ రెండు గుంతల్లో అందరికీ కనిపించింది. సావుకారు దారి చేసుకుంటూ వచ్చి చూశాడు. వెనక్కి తిరిగి జనాన్ని చూశాడు.

ఒక భూస్వామి కాల్చేయమన్నాడు. సావుకారు తల అడ్డంగా ఊపాడు.

"కాలిస్తే, చూసినోళ్లు కాల్చినారని చెప్పుకుంటారు. అట్ల వద్దు. అయివారూ, నీ బొమ్మలు ఈడనే ఉంటాయి, బీరువా నేనే చేయిస్తా. అయితే అన్నీ సరిచేయి. ఎవురి పెద్దల్ని వాళ్లు దగ్గర కూచొని చెప్తారు. వాళ్లు చెప్పినట్ల పెట్టు. లేదంటావా, హాస్టలు పొయ్యిలోకి పంపిస్తా."

డ్రాయింగు మాస్టరు తాళ్ల వైపు చూసి, "సరిచేస్తా," అన్నారు.

ఆ సాయంత్రం నేను ప్రధానోపాధ్యాయులను కలిసి, ఆ కాగితాలను నాకు ఇప్పించండి, నా గదిలో భద్రంగా దాస్తాను అని విన్నవించుకున్నాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "వాళ్ల పెద్దలను మీ ఇంట్లో పెట్టుకునేంత వారయ్యారా మీరు? మీ నాయన ఇంకా ఒకరి చేన్లో మడక పట్టి దున్నుతున్నాడు కదా? కమిటీ మీ ఉద్యోగం ఇంకా ఖాయం చేయలేదని గుర్తుంచుకోండి," అన్నారు.

మధ్యాహ్నాలు వరండాలో బల్ల వేశారు. కుటుంబాలు వంతులవారీగా వచ్చి కూర్చున్నాయి. చెప్పినవి రాసిపెట్టడానికి నన్ను పక్కన కూర్చోబెట్టారు.

"బుగ్గలు పెట్టప్పా. ఇంగా. ఇంగా పెట్టు, బుగ్గకింతని దుడ్లు అడుగుతాండావా ఏంది?"

"మా మామకు మీసం తిప్పు. బతికుండంగ పెంచుకోలేకపాయె."

"మాయన్న కరువులో గూడా ఇంత బక్కగా లేడు అయివారూ. ఎద్దు మాదిరి ఉండేటోడు." ఆ అన్నను నేను ఎరుగుదును. ఆయన ఎన్నడూ ఎద్దులా లేరు.

డ్రాయింగు మాస్టరు వాదించలేదు. మెత్తని బొగ్గు కడ్డీతో గుంతలు పూడ్చారు, కళ్లు తెరిచారు, గుడ్డలు విప్పారు. చూడనిది గీయనన్న మనిషి తానెన్నడూ చూడని బుగ్గలను రోజంతా పెట్టారు. దారినపోయే విద్యార్థులు, "పీనుగులకు పానం పోస్తాండాడు రా!" అని అరిచి పారిపోయేవారు. ఇదివరకైతే మాస్టరు స్కేలు పట్టుకునేవారు. ఇప్పుడు తల ఎత్తేవారు కారు.

ఒకనాడు గోస్పాడు నుంచి ఒక ముసలామె ఒంటరిగా వచ్చింది. భర్త కాగితం ముందుంచాను. కళ్లు మూసి, దవడ కట్టిన ముఖం. ఆమె దాన్ని తృప్తిగా చూసింది.

"ఏం మార్చాలమ్మా?" అన్నారు మాస్టరు.

"ఏం వద్దు నాయనా. కండ్లు మాత్రం తెరవొద్దు. అవి మూసినంకనే నేను ఇంత నిద్రపోయినా."

డ్రాయింగు మాస్టరు నవ్వారు. ఆయన నవ్వగా నేను చూసింది అదొక్కసారే. ఆ కాగితాన్ని ముట్టుకోకుండా పక్కన పెట్టారు.

ఆ వేళ తన గదికి రమ్మన్నారు. తలుపు మూసి, సరిచేసిన కాగితం ఒకటి పరిచారు. ఎండిన డబల్ రొట్టె ముక్కను నలిపి, బుగ్గ అంచున మెల్లగా అద్దారు. బొగ్గు రొట్టెకు అంటుకుని లేచిపోయింది. కింద పాత గుంత చెక్కుచెదరకుండా ఉంది.

"గట్టి పెన్సిలు గీత కాగితంలోకి దిగబడి ఉంటాది. బొగ్గు పైన కూచుంటాది, అంతే," అన్నారు. "వాళ్లు ఎన్నాళ్లు బతుకుతారు? ఈ సావుకారు ఎన్నాళ్లు? ఎప్పుడో ఒగనాడు ఎవురో ఒగరు బీరువా తెరుస్తారు. రొట్టె ముక్క ఉంటే చాలు." అని నా వైపు చూశారు. ఆ ఎవరో ఒకరు ఎవరో నాకు అర్థమైంది. నేను తల ఊపాను. ఆయన రొట్టె పొడిని జాగ్రత్తగా దులిపి, ఆ చోట మళ్లీ బొగ్గు పూశారు.

పని పూర్తయి, బీరువా వచ్చిన రోజున సావుకారు చూడటానికి వచ్చాడు. తల్లి కాగితాన్ని అడిగి తీసుకున్నాడు. ఏడువారాల నగలు, నిండు బుగ్గలు ఉన్నాయి. చాలాసేపు చూశాడు. తరువాత బొటనవేలితో ఆ బుగ్గను ఒక్కసారి నిమిరాడు. తల్లి గుర్తొచ్చి నిమిరాడో, అనుమానంతో రుద్దాడో నాకు నేటికీ తెలియదు. వేలు నల్లబడింది. వేలు పోయిన దారి వెంట గుంత బయటపడింది.

ఆయన వేలు చూసుకున్నాడు. డ్రాయింగు మాస్టరు భుజం మీది ఉతికిన కండువాను లాగి దానికి తుడుచుకున్నాడు.

"మంచి పనోడివే," అన్నాడు. "ఇంకు తెప్పించండి. చెరగని ఇంకు. పాళీతో వేయి. నేను ఈడనే కూచుంటా, బిరబిరా కానీ."

ప్యూను ఆఫీసు నుంచి నల్ల ఇంకు సీసా తెచ్చాడు. డ్రాయింగు మాస్టరు పాళీ ముంచారు. పాళీ గరగరమంటూ కాగితంలోకి దిగింది. ముసలామె గుంతల మీద అడ్డదిడ్డంగా సన్నని గీతలు పేరుకుని గుండ్రని బుగ్గలయ్యాయి. సావుకారు ప్రతిదినం సాయంత్రం వచ్చి, ఆరిన ముఖాలను ఒక్కొక్కటే బొటనవేలితో రుద్ది చూసి వెళ్లేవాడు. చివరకు గోస్పాడు ముసలామె భర్త మిగిలాడు.

"ఈయనకు కండ్లు మూసే ఉండాయే?" అన్నాడు సావుకారు.

"ఆమె తెరవొద్దనింది," అన్నారు మాస్టరు.

"ఆమె యెవురు? కమిటీలో ఉండాదా? ఈడ చచ్చినోళ్లు వద్దు. తెరువు."

ఇంకుతో ఆ కళ్లు కూడా తెరుచుకున్నాయి. డబల్ రొట్టే కాదు, ఆ గీతలను ఇక ఏదీ చెరపజాలదు. బీరువాకు తాళం పడింది. ఆ తరువాత ఇన్‌స్పెక్టరు వచ్చి కాగితాలు తిరగేసి, ముఖాల్లో జీవకళ ఉట్టిపడుతోందని మెచ్చుకున్నారు. ప్రధానోపాధ్యాయులు ఆ మాటను చెక్క మీద రాయించి బీరువాకు తగిలించారు.

ఆళ్లగడ్డకు నేను అప్పుడప్పుడు బస్సులో వెళ్లి ఆయనను చూసి వచ్చేవాణ్ని. మేనల్లుడి రాళ్ల కొట్టంలో, సగం చెక్కిన విగ్రహాల వెనుక, ఆయనకు ఒక చాప వేశారు. రాతి పొడి ఆయన జుట్టులోనూ కంచంలోనూ ఉండేది. నేను ఒకసారి మంచి కాగితాలు, గట్టి పెన్సిళ్లు తీసుకువెళ్లాను. ఆయన వాటిని పట్టుకుని చూసి తిరిగి ఇచ్చేశారు.

"వద్దు. గీస్తే బుగ్గలు వస్తాండాయి."

"అంటే ఏమిటండీ?"

"ఎవుర్ని గీసినా బుగ్గలే వస్తాండాయి. మొన్న ఈడ పనిచేసే పిల్లోణ్ని గీసినా. ఎముకలు లెక్కబెట్టేటట్ల ఉంటాడు వాడు. కాగితం మీద సావుకారు అమ్మ వచ్చి కూచునింది." జుట్టులోని రాతి పొడి దులుపుకుని, "చెయ్యి నేర్చుకునింది. ఇంగ మరువదు," అన్నారు.

ఆయన 1960 వేసవిలో పోయారు. కబురు అంది నేను వెళ్లేసరికి ఎండ ఎక్కింది. మేనల్లుడు మంచివాడే, మామకు పటం ఉండాలని ఫోటో స్టూడియో అతనికి కబురు పంపాడు. ఆయనను కుర్చీలో కూర్చోబెట్టి, జారకుండా విగ్రహాలకు కట్టే తాడుతో నడుముకు కట్టారు. చుట్టూ ఉలులు ఆగిపోయాయి. స్టూడియో అతను నల్లగుడ్డ కింద తల పెట్టి, బయటికి తీసి, పెదవి విరిచాడు.

"చానా సన్నగా ఉండాడే ఈయప్ప."

"ముసలితనం గదన్నా. కడాకు తినడం గూడా మానేసినాడు," అన్నాడు మేనల్లుడు.

"ఏం ఫరవాలేదులే. టచింగులో బుగ్గలు పెడతా. కండ్లు గూడా నేనే తెరుస్తా. గడియారం కావాలా చేతికి?"

"పెట్టన్నా. అయివారు గదా, ఒగ పుస్తకం గూడా పెట్టు."

స్టూడియో అతను కెమెరా మడుచుకున్నాడు. నేను గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను. ఆయన ప్రతి ఇంట్లోనూ అడిగిన ఆ పెదవి ప్రశ్నను ఇప్పుడు ఇతను అడుగుతాడని, అడగక తప్పదని అనుకుంటూ ఉన్నాను. అతను కాళ్లు మడిచిన స్టాండును భుజాన వేసుకుని, ఎండకు తలగుడ్డ సర్దుకుని వెళ్లిపోయాడు. మేనల్లుడు తాడు విప్పడం మొదలుపెట్టాడు.

కుడివైపు. చాలా కొంచెం. పై పెదవి లేచి, ఒక్క పన్ను మాత్రం కనిపించింది.